చివరంకె ఒక్కటే తేడా

ఫోన్ల కొట్టు త్రినాథ్ ఫోను ముఖం ఊడదీసి బల్ల మీద బోర్లా పెట్టేశాక గానీ జగన్నాధానికి మోటారు సంగతి గుర్తుకు రాలేదు. పొద్దున బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిన సంబరంలో, ఇదే ఫోనులోంచి పొలంలోని బోరు మోటారుకి ఫోను చేశాడు. అటునుంచి ఓ ఆడగొంతు "మీ మోటారు ఆన్ చేయబడినది" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేదాకా విని, తీరుబడిగా జేబులో వేసుకున్నాడు. మోటారు పెట్టెలో ఒక సిమ్ముంటుంది. జగన్నాధం నంబరు నుంచి పిలుపు వస్తేనే అది పలుకుతుంది, ఒకసారి పిలిస్తే ఆడుతుంది, మళ్ళీ పిలిస్తే ఆగుతుంది, మరెవరు పిలిచినా దానికి చెవుడే. చెరకు తోట తడిసేలోగా శృంగవరపుకోటలో దిగి, ఓ మూల ఎంత నొక్కినా పలకని ఈ ఫోనుని బాగుచేయించుకుని, వేళ చూసి ఇక్కణ్ణుంచే ఆపేద్దామని అతని లెక్క. ఆపాల్సింది ఏ ఫోనుతోనో ఆ ఫోనునే బాగుచేతకి ఇస్తున్నానన్న ముక్క మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఊళ్ళో నలుగురికి సలహాలు చెప్పే బుర్ర అది.

"ఒరే త్రినాథూ, మోటారాడతన్నాదిరా," అన్నాడు.

నుదుటికి లైటు కట్టుకున్న త్రినాథ్ తలెత్తితే ఆ వెలుగు సూటిగా జగన్నాధం కళ్ళలో పడింది. "ఏ మోటారు మావా?"

"బోరు మోటారు. నీ సేతిలో ఉన్నాదే, ఆ ఫోనుతోనే ఆపాల."

"మరి ముందే సెప్పాల కదేటి! పాత డిస్‌ప్లే ఊడదీయడంలోనే సచ్చిపోనాది. కొత్తది విజినగరంలో బస్సు డ్రైవరు సేతికిచ్చినారు. అరగంటలో వస్తాది."

త్రినాథ్ మంచివాడే, ఉపాయాలు చెప్పాడు. సిమ్ము తీసి నా ఫోనులో వేస్తాను, మోటారు నంబరు చెప్పు అన్నాడు. ఆ నంబరు ఎవరికి తెలుసు? అల్లుడు గిరిబాబు దాన్ని ఫోనులోకెక్కించి, పక్కన నీటిచుక్క బొమ్మ పెట్టాడు, జగన్నాధం ఇన్నాళ్ళూ నొక్కింది ఆ చుక్కనే. జీమెయిలు తెరిస్తే నంబర్లన్నీ దిగుతాయి, పాస్‌వర్డు చెప్పు అన్నాడు. అది కూడా గిరిబాబుకే తెలుసు. పోనీ గిరిబాబు నంబరు? నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న అల్లుడి ఫోటో నొక్కితే వెళ్తుంది. ఇంట్లో ఆవిడ? చిన్నతల్లి కొత్తవలసలో కూతురి దగ్గరుంది, ఆవిడా ఫోటోనే. "ఊర్లో ఎవులిదైనా ఒక్క నంబరు గుర్తు తెచ్చుకో మావా. నాను ఫోను సేసి, పోయి ఆపమంతాను."

"నేదురా. ఏటీ గుర్తు నేదు," అన్నాడు జగన్నాధం.

అది అబద్ధం. ఒక్క నంబరుంది. అతను మర్చిపోదామన్నా మర్చిపోలేనిది. బొత్తాల ఫోన్ల రోజుల్లో ఇదే కొట్లో, త్రినాథ్ వాళ్ళ మేనమామ ఈ కుర్చీలో కూర్చునే కాలంలో, ఇద్దరు స్నేహితులు ఒకే పూట వచ్చి రెండు ఫోన్లు కొన్నారు. ఒకే కట్టలో పక్కపక్కనున్న రెండు సిమ్ములు తీసి వేశాడు ఆ మేనమామ. అంకెలన్నీ ఒకటే, చివరంకె ఒక్కటే తేడా. తనది నాలుగు, వాడిది అయిదు. గ్యాసు బండ దగ్గర, బ్యాంకు కిటికీ దగ్గర, ఆసుపత్రిలో చీటీ రాసే పిల్ల దగ్గర, ఎక్కడ తన నంబరు చెప్పాల్సొచ్చినా చివర్న నాలుగు అనగానే లోపల ఎవరో అయిదు అంటారు. ఏడాదిగా పైకి అనట్లేదు, అంతే. ఎరువుల కొట్టువాడు నంబరు అడిగితే కూడా, నాలుగు దగ్గర అతను ఒక్క క్షణం ఆగుతాడు. అడిగినవాడు ఇంకో అంకె ఉందేమోనని కలం పట్టుకుని చూస్తుంటాడు.

వాడి పేరు సూరయ్య. మనం అనుకోవచ్చు గానీ జగన్నాధం అనకూడదు. నేస్తం కట్టినవాడు నేస్తాన్ని పేరుతో పిలవకూడదు, వాడి ఎదురుగానే కాదు, వెనకాల కూడా. ఇద్దరూ ఒకే వారంలో పుట్టారని, మీసాలు రాని వయసులో అమ్మవారి పండగనాడు పెద్దవాళ్ళు ఇద్దరికీ కొత్త తువ్వాళ్ళు మార్పించి, వక్కా ఆకూ ఇచ్చి, ఒకే విస్తట్లో అన్నం పెట్టించి నేస్తం కట్టారు. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ తనకి అమ్మ, తన నాన్న వాడికి నాన్న. వాళ్ళమ్మ పోయినప్పుడు సొంత కొడుకులతోపాటు తనూ గుండు గీయించుకున్నాడు. తన పెద్దదాని పెళ్ళికి పందిరి రాటలు మోసింది వాడే, ఇద్దరాడపిల్లలకీ పుట్టింటి తరఫున సారె కావిళ్ళు పట్టుకెళ్ళిందీ వాడే. ఆ పెళ్ళిలో వాడు కట్టుకున్న పంచె అంచు ఆకుపచ్చదా నీలమా అని ఇప్పుడెందుకో ఆలోచనలో పడ్డాడు. ఆకుపచ్చే. పప్పు మరక పడితే చిన్నతల్లి నవ్వింది కూడా. ఇంతకాలం నేస్తం అని తప్ప పిలవని మనిషిని ఈ ఏడాదిగా ఏమని తలుచుకోవాలో తెలియక, పేరూ పలకరాక, అతని బుర్రలో సూరయ్య ఉండాల్సిన చోట ఉత్త ఖాళీ ఉంది. ఖాళీని మోయడం ఇంత బరువని ఎవరైనా ముందు చెప్పుంటే బాగుండేది.

ఎదురుగా గాజుబల్ల, దాని మీద ఆకుపచ్చ రబ్బరు పట్టా, పట్టా మీద ముఖం లేని ఫోను. ఇవన్నీ కళ్ళకి కనిపిస్తున్నాయి గానీ జగన్నాధం చూస్తున్నది నీళ్ళని. ఇప్పటికి మొదటి సాళ్ళు నిండుంటాయి. వైశాఖం నేల, నోరు తెరుచుకుని తాగుతుంది, కాసేపు ఫరవాలేదు. తర్వాత నీళ్ళు అడ్డగట్టు దాకా వస్తాయి. అడ్డగట్టుకి మూలన ఎలకలు కన్నం పెట్టాయని, నిండుగా పారితే అక్కడ తెగుతుందని తెలుసు. రెండు తట్టల మట్టి వేయాలనుకుంటూ, ఈ ఒంటికి వంగడం బరువై, రేపు రేపని తోసుకొచ్చాడు. గట్టుకి దిగువన సూరయ్య మడి. ఆ మడిలో నువ్వు పంట కోసి, కట్టలు కట్టి, ఒకదానికొకటి ఆనించి ఎండకి నిలబెట్టారు. కాయలు పగలడానికి సిద్ధంగా ఉంటాయి. ఇంకో రెండెండలు పడితే దులిపేయొచ్చు. అందులోకి నీళ్ళొస్తే మొదళ్ళు నాని కట్టలు ఒరిగిపోతాయి, రాలిన గింజ బురదలో కలిసి మొలకెత్తుతుంది, తిన్నగా ఉన్నది కూడా నల్లబడుతుంది. నువ్వు తడి ఓర్చుకోదు. అసలు వాడు నువ్వు వేసిందే అందుకు. ఎవరినీ నీళ్ళు అడగక్కర్లేని పంట కావాలని, వరి వేసే మడిలో నువ్వు చల్లాడు. ఊళ్ళో ఎవరూ ఆ మాట పైకి అనలేదు, కానీ మడి పచ్చబడ్డ రోజే అందరికీ అర్థమైంది. గట్టు మీద నిలబడి ఆ తెల్లపూలు చూసినప్పుడు తనకి పౌరుషం రావాల్సింది పోయి నీరసం వచ్చింది. ఇప్పుడు అడగని నీళ్ళు ఆ మడిలోకి వెళ్తున్నాయి. కావాలని పెట్టాననుకుంటాడు. ఎవడైనా అదే అనుకుంటాడు.

"ఇప్పకముందు సూసినాను, ఇంత సామానేటి మావా ఈ ఫోన్లో? అందుకే బండ మోసినట్టు నడుస్తన్నాది. డిస్‌ప్లే ఎయ్యగానే సగం తీసిపారేద్దాం. ఏవుంచాలో ఆలోసించుకో," అన్నాడు త్రినాథ్, ఇంకెవరిదో ఫోనుకి చార్జింగు కన్నం గీకుతూ. కాలక్షేపం కబుర్లతో ఈయన్ని కాస్త తేలిక పరుద్దామని పాపం అతని ఉద్దేశం. ఏవుంచాలి? అందులో ఏమున్నాయో తనకే సరిగ్గా తెలియదు, ఇంటికొచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి వేసిపోయాడు. వానలు చెప్పేది వ్యవసాయం ఆఫీసు కుర్రాడు వేశాడు. అది రేపు వాన అంటుంది, ఆ రేపు వచ్చాక ఎల్లుండి అంటుంది. ఎక్కడో ఢిల్లీ మార్కెట్లో ఉల్లిపాయ ధర చెప్పేదొకటి ఉంది, ఉల్లి తను ఎన్నడూ వేయలేదు. రోజూ ఎన్నడుగులు నడిచావో చెప్పేది చిన్నల్లుడు పెట్టాడు. పొలంలో తిరిగేవాడికి అడుగులు లెక్కపెట్టి చెప్పేదొకటి, చెప్పి "శభాష్" అనడమొకటి. రాశిఫలాలది చిన్నతల్లి కోసం. దీపం వెలిగించే యాప్ ఉంది, ఫోనుకి సొంత దీపం ఉందన్న సంగతి అది వేసిన ఆరు నెలలకి తెలిసింది. పంట నమోదుది ఫోటో తియ్యమంటుంది, తీస్తే మళ్ళీ తియ్యమంటుంది. రైళ్ళ వేళలు చెప్పేదెవడు పెట్టాడో గుర్తే లేదు, కిరండూల్ బండి ఎక్కే పని తనకి ఈ జన్మలో లేదు. రోజులో ఎన్నిసార్లు ఈ ఫోను టింగుమంటుందో, ప్రతి టింగుకీ ఏ కూతురికి ఏమైందోనని గుండె జారుతుందో, తీరా చూస్తే ఎవడో తువ్వాళ్ళు చవగ్గా అమ్ముతుంటాడు. అలసిపోయాడు. కోపం కూడా కాదు, కోపానికి ఓపిక కావాలి. అన్నిటిలోకీ తనకి అక్కరకొచ్చింది ఆ నీటిచుక్క ఒక్కటే. నిజం చెప్పొద్దూ, తన కొంప ముంచిందీ అదే.

అది రాకముందు ఎలా ఉండేది. చీకటుండగానే వాడు వచ్చి వీధిలో దగ్గేవాడు, తను లేచేవాడు, ఇద్దరూ టార్చి పట్టుకుని బోరు దగ్గరికి నడిచేవాళ్ళు. బోరు ఇద్దరూ కలిసి వేయించినది, జగన్నాధం గట్టు మీద నీళ్ళు పడ్డాయి కాబట్టి అక్కడుంది, అంతే. నీళ్ళు పడ్డ పూట ఇద్దరూ ఆ బురదలోనే చిన్నపిల్లల్లా పొర్లారు. మోటారు వేసి, గట్టు మీద కూర్చుని ఒకటే చుట్ట మార్చి మార్చి కాల్చుకుంటుంటే తూరుపు తెల్లారేది. ఏం మాట్లాడుకునేవాళ్ళు? ఒక్క మాట గుర్తు లేదు. మాట్లాడుకోలేదేమో కూడా. పాములున్నాయి మావయ్యా, ఆ చీకట్లో నడక ఎందుకు, మంచంలోంచే వేసుకోవచ్చు అని గిరిబాబు ఆ పెట్టె తెచ్చి బిగించాడు. తీగలెత్తుకుపోతున్నారని దానికి ఇనప తలుపూ, తలుపుకి తాళమూ వేశాడు. యాప్ తెరిచి, ఇందులో అయిదుగురి నంబర్లు పెట్టుకోవచ్చు మావయ్యా, ఇంకెవరివి ఎక్కించమన్నారు అని అడిగాడు. ఎందుకయ్యా, నేనున్నాను కదా అన్నాడు జగన్నాధం. చెడ్డ బుద్ధితో అన్న మాట కాదు. నేస్తం దగ్గరున్నది ఇంకా బొత్తాల ఫోనే, వాడికెందుకీ తలనొప్పి, నీళ్ళు కావాలంటే ఒక్క మాట చెప్తే నేనే వేస్తాను కదా అనుకున్నాడు. అందులో కాస్త గొప్ప కూడా ఉంది, లేదనకూడదు. మంచం మీద పడుకుని పొలంలో మోటారు ఆడించే మగాడు ఊళ్ళో అప్పటికి అతనొక్కడే.

దాంతో చీకటివేళ దగ్గు ఆగిపోయింది. ఫోన్లు మొదలయ్యాయి. నేస్తం, మోటారెయ్యవా. నేస్తం, ఇంకో గంటుంచవా. మొదట్లో నవ్వుతూ అడిగేవాడు, తర్వాత నవ్వు లేకుండా అడిగేవాడు, తర్వాత వాళ్ళావిడ చేత అడిగించేవాడు. అందులో తేడా ఏమిటో జగన్నాధానికి అప్పుడు వినబడలేదు. కొత్తవలసలో చిన్నదాని ఆడపడుచు పెళ్ళినాడు తన ఫోను చిన్నతల్లి సంచిలో, చీరల కింద, నోరు నొక్కేసి ఉంది. ఆ రోజు రోహిణి ఎండ. సూరయ్య నారుమడి నెర్రెలిస్తోంది. సాయంకాలం తీసి చూస్తే ఫోను నిండా వాడి పిలుపులే. అప్పటికే నారు ఎండి గడ్డయిపోయింది. మర్నాడు రచ్చ దగ్గర, నలుగురూ వింటుండగా, "అంత అవసరమైతే తాళం బద్దలు గొట్టుకోవాల గానీ మడి ఎండబెట్టుకుంతారేటి?" అన్నాడు తను. సర్దుబాటుగా అందామనే నోరు తెరిచాడు, బయటికొచ్చేసరికి అది వేరేలా ఉంది. సూరయ్య అరవలేదు. "నీకు ఫోన్లు సేసి నీల్లకి దేబిరించడానికి నాను నీ కంబారినేటి?" అన్నాడు, అని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కంబారి అంటే పాలేరు. నేస్తం అనే మాట లేకుండా వాడు తనతో మాట్లాడింది ఆ ఒక్కసారే. తర్వాత ఏదో ఒక రోజు తనే వెళ్ళుండాల్సింది. మొదటి వారం పౌరుషం అడ్డొచ్చింది, నెల దాటాక సిగ్గు అడ్డొచ్చింది, ఆ తర్వాత ఏం అడ్డొచ్చిందో కూడా తెలియదు. అలవాటైపోయింది. ఎదురెదురు పడితే ఇద్దరూ గట్టు కింద ఏదో పారేసుకున్నట్టు కిందకి చూస్తారు.

కొట్లోకి ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో చిన్న ఫోను, దానికి దారం కట్టి మెళ్ళో వేసుకుంది. "ఒరే త్రినాథూ, దీనికి సెవుడొచ్చినాదిరా. మా అమ్మి మాటాడితే సీమ పాకినట్టే ఉన్నాది."

"దానికి రాలేదు లక్ష్మణమ్మత్తా, నువ్వు పిండి సేతుల్తో పట్టుకున్నావు. సూడు," అంటూ త్రినాథ్ పళ్ళుతోముకునే బ్రష్షుతో చెవి దగ్గరి కన్నాలు గీకితే తెల్లగా పిండి రాలింది. ఆవిడ నవ్వలేదు. అక్కడే, నిలబడ్డచోటే కూతురికి ఫోను చేసింది. "ఆఁ, ఇనబడతన్నాది. ఏటీ నేదు. ఊరికే సేసినాను. నీ గొంతు ఇందామనే. ఉంతాను మరి." అంతే. పెట్టేసి, మెళ్ళో వేసుకుని, మెట్లు దిగి ఎండలోకి వెళ్ళిపోయింది. ఊరికే చేశాను అనడం అంత సులువా అని జగన్నాధం ఆవిడ వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

అడ్డగట్టు ఈపాటికి తెగుంటుంది. ఆటో ఎక్కి పోదామా అంటే ఇవాళ సంత, ఊరివైపు ఆటో పది మంది నిండితే గానీ కదలదు, కదిలినా దారిలో దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ, ఇతను చేరేసరికి మడి చెరువైపోతుంది. అరగంటలో డిస్‌ప్లే వస్తుందన్నాడు, ఎవరినీ దేబిరించకుండా ఆ చుక్క నొక్కి ఆపేయొచ్చు. అరగంట ఎప్పుడో దాటింది. విజయనగరం బస్సు వచ్చింది కూడా, త్రినాథ్ పరిగెత్తుకెళ్ళి డ్రైవరు చేతిలోంచి పొట్లం అందుకుని, నిలబడ్డచోటే చించి చూసి, అక్కణ్ణుంచే తల అడ్డంగా ఊపాడు. వేరే రకం ఫోనుది పంపించారు. తర్వాతి బస్సులో అసలుది పంపిస్తారట. ఆ తల ఊపడం చూడగానే జగన్నాధానికి బాధ రాలేదు, ఇంక తప్పించుకునే దారి లేదని తెలిసింది. ఇంతసేపూ తను ఎదురుచూసింది డిస్‌ప్లే కోసం కాదు, నేస్తానికి ఫోను చెయ్యకుండా బయటపడే వీలు కోసం. అంత పౌరుషం తనలో ఇంకా ఉందా? లేదు. వట్టి భయం. వాడు ఎత్తి, ఎవరండీ అని, తన గొంతు విని పెట్టేస్తే? పెట్టేస్తే ఇక జన్మకి అంతే. చెయ్యకపోతే, ఏమో, ఏదో ఒక రోజు అనుకుంటూ బతకొచ్చు. కానీ అక్కడ నువ్వు మునుగుతోంది. ఇక్కడ ఈ చెక్కకుర్చీలో కూర్చుని తను బతకడానికి వీలు చూసుకుంటున్నాడు.

"నీ ఫోనియ్యరా," అన్నాడు.

"నంబరు గుర్తొచ్చినాదా మావా?"

జగన్నాధం వేలితో ఒక్కొక్క అంకే నొక్కాడు. చివర్న నాలుగు మీదకి పోబోయిన వేలు ఆగి, పక్కకి జరిగింది.

రెండు మోతలకే ఎత్తాడు. "ఎవరండీ?" రొప్పుతున్నాడు. వెనకాల నీళ్ళలో ఎవరో నడుస్తున్న చప్పుడు. "ఎవరండీ, సెప్పండి బేగి, నాను పనిలో ఉన్నాను."

అండీ. ఊరూ పేరూ తెలియనివాడికి పెట్టే అండీ. "నేస్తం," అన్నాడు జగన్నాధం.

అటు నీళ్ళ చప్పుడు ఆగింది. పెట్టేశాడేమో అనుకున్నాడు. పెట్టలేదు.

"ఏ ఫోనిది?" అన్నాడు సూరయ్య.

"కోటలో, ఫోన్లు బాగుసేసే కొట్టు. నాది ఇప్పీసినారు. నీల్లొచ్చినాయా?"

"వచ్చినాయి. అడ్డంగా మట్టేసినాం, నిలబడనేదు. నానూ మీ సెల్లీ సగం కట్టలు గట్టెక్కించినాం. కింది వరస పడిపోనాది."

"నేస్తం, నాను కావాలని సెయ్యనేదు. మోటారేసి బస్సెక్కినాను..."

"నానెప్పుడన్నాను కావాలని సేసినావని?" సూరయ్య గొంతు ఒక్కసారి లేచింది. "నీకు సేసి సేసి నా యేలు పడిపోనాది. సిచ్చాఫంటది. మోటారాడతన్నాది, మనిషి పలకడు. ఏ లారీ కింద పడ్డావోనని మీ సెల్లి ఒకటే ఏడుపు. బతికే ఉన్నావు కదా?"

జగన్నాధం ఊఁ అన్నాడు. కొట్లో ఇందాకట్నుంచీ, ఆకుపచ్చ పట్టా మీద ముఖం లేకుండా పడున్న ఆ ఫోనుకి ఏడాది తర్వాత వాడు పిలుస్తూనే ఉన్నాడు. తను ఇక్కడ కూర్చుని చెయ్యనా మాననా అని తూకాలు వేస్తున్నంతసేపూ. పంట మునుగుతుంటే పంట కోసం కాక, తనేమయ్యాడోనని.

"పెట్టె బద్దలు గొట్టు," అన్నాడు.

"నీ పెట్టె నానెలా గొడతాను?"

"నేస్తం. నా మాటిను. రాయి తీసుకో. తాళం గొట్టు. లోన ఎర్ర బొత్తాముంటాది. తడి సేతుల్తో ముట్టకు, తువ్వాలుతో బాగా తుడుసుకో, పొడి సెక్క మీద నిలబడు. ఇంటన్నావా? తువ్వాలుతో."

సూరయ్య నడక, నీళ్ళలోంచి గట్టు మీదకి, గట్టు మీద నుంచి పొడినేల మీదకి. ఆ నడక ఎక్కడెక్కడ పడుతోందో జగన్నాధానికి కనిపిస్తూనే ఉంది. మోటారు మోత దగ్గరైంది. తర్వాత ఇనుము మీద రాయి పడ్డ చప్పుడు. ఒకసారి, ఆగి, మళ్ళీ ఒకసారి, మెత్తగా, పరాయివాడి తలుపు తట్టినట్టు. "గట్టిగా గొట్టు నేస్తం," అన్నాడు జగన్నాధం, అంటుంటే కళ్ళమ్మట నీళ్ళు దిగాయి, తుడుచుకోలేదు. అప్పుడు పడింది అసలు దెబ్బ. దాని మీద ఇంకోటి. తర్వాత ఇంకోటి, అక్కర్లేనంత బలంగా, తాళం ఊడిపోయాక కూడా ఆపలేనట్టు. ఇనప తలుపు కిర్రుమంది. మోటారు మోత సన్నబడి, ఆగింది. ఆగాక అటు పొలంలో ఎంత నిశ్శబ్దంగా ఉందో ఇటు సంతగోలలో కూర్చున్నవాడికి వినబడింది.

"ఆగినాది," అన్నాడు సూరయ్య.

"ఊఁ."

"తాళం బాగుండదింక."

"పోనీ, ఒగ్గీ."

"పొద్దు గూకకుండా వచ్చీ. కట్టలన్నీ ఇప్పి ఎండకి తిరగెయ్యాల. మా ఇద్దరివల్లా అవ్వదు." అని, "అన్నం తిన్నావా?" అన్నాడు. బదులు కోసం చూడకుండా పెట్టేశాడు.

త్రినాథ్ ఈ మాటలన్నీ విని కూడా విననట్టు, గీకిన కన్నాన్నే మళ్ళీ గీకుతున్నాడు. మధ్యాహ్నం బస్సులో అసలు డిస్‌ప్లే వచ్చింది. అతికించి, ఊది, బొత్తాం నొక్కితే ఫోను వెలిగింది, వెలగగానే పొద్దుట్నుంచి రావాల్సిన టింగులన్నీ కట్ట తెగినట్టు ఒకేసారి వచ్చిపడ్డాయి. వాటిలో వాన రేపు వస్తుందన్నది కూడా ఉంది.

"సెప్పు మావా, ఏవుంచాలి, ఏవి తియ్యాలి?"

"మాటాడేది ఉంచు. మోటారుది ఉంచు. తతిమ్మావన్నీ తీసీ."

త్రినాథ్ ఒక్కొక్కటే పీకుతుంటే జగన్నాధం చూస్తూ కూర్చున్నాడు. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, వెళ్ళి కట్టలు తిరగెయ్యాలి, గట్టుకి మట్టి వెయ్యాలి. కింది వరస ఎటూ పోయినట్టే, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. మోటారు యాప్ తెరిచినప్పుడు వంగి, నాలుగు ఖాళీ గడుల్లో మొదటిదాని మీద వేలు పెట్టాడు.

"ఇందులో ఎక్కించు."

"ఎవులి నంబరు మావా?"

"నాదే కొట్టు," అన్నాడు జగన్నాధం. "సివరంకె నాలుక్కి అయిదెయ్యి."